మన క్లబ్ పెట్టెకి మళ్లీ రెయిడ్ జీరో వద్దు

పోయిన వారం క్లబ్ గ్రూపులో పెట్టిన పోల్ మీరంతా చూసే ఉంటారు. మన రూమ్‌లో బీరువా పక్కన ఉండే స్టోరేజ్ పెట్టెకి కొత్తవి రెండు డిస్కులు కొంటున్నాం, ఒక్కోటి 2 టీబీ. వాటిని ఎట్లా కలపాలన్నదే ప్రశ్న. "రెయిడ్ 0: మొత్తం 4 టీబీ, డబుల్ స్పీడ్" అన్నదానికి 31 ఓట్లు పడ్డాయి. "రెయిడ్ 1: 2 టీబీనే, కానీ కాపీ ఉంటది" అన్నదానికి 6. ఆ ఆరింట్లో ఒకటి నాది.

గ్రూపులో ఎంత పెద్ద మెసేజ్ పెట్టినా పది నిమిషాల్లో గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడి పోతుంది. అందుకే ఎడిటర్ అక్కని అడిగి ఈ నెల ఈ పేజీలు తీసుకున్నా. నాది మొదటి నుంచీ ఇంగ్లీష్ మీడియం, ఒత్తులు అక్కే దిద్దింది. ఇంకా తప్పులుంటే అవి నావి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పోయినేడు ఆ పెట్టెలో రెయిడ్ 0 బటన్ నొక్కింది ఎవరో సీనియర్ కాదు, నేను. అంతకు నెల ముందే ఇంటర్నల్ ఎగ్జామ్‌లో "రెయిడ్ 0లో ఫాల్ట్ టాలరెన్స్ ఉండదు" అని రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నా. ఆ వాక్యం నోటికి వచ్చు. దాని అర్థం ఏంటో మాత్రం ఏప్రిల్ దాకా తెలీలేదు.

కొత్తగా చేరిన ఫస్టియర్ వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తా. పోయినేడు మన క్లబ్ వాళ్లం మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లల్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటలు, పాటలు ఫోన్‌లో రికార్డ్ చేశాం. ఇప్పుడు మనకి శామీర్‌పేట అంటే ఓఆర్ఆర్ ఎగ్జిట్, రిసార్టులు, జీనోమ్ వ్యాలీ. మేడ్చల్ అంటే హైవే, గోడౌన్లు, ఫంక్షన్ హాళ్లు, మనలాంటి కాలేజీలు. ఈ చుట్టుపక్కలంతా ఒకప్పుడు ద్రాక్షతోటలకి పేరు. అనాబె-షాహి అని ఒక రకం ద్రాక్ష ఉండేదనీ, హైదరాబాద్ అంటే ఆ ద్రాక్షేననీ నాకు ఆ రికార్డింగుల వల్లే తెలిసింది. తోటకి రాత్రిళ్లు కావలి కాసిన ఒక తాత 41 నిమిషాలు మాట్లాడాడు. శామీర్‌పేట దగ్గర ఒక అవ్వ నాట్ల పాటలు పాడింది. చెరువు అలుగు పారితే ఊరంతా పోయి చూసేవాళ్లట, అదీ చెప్పింది. అట్లా మొత్తం 37 రికార్డింగులు.

వాటితో పాటు మన పాత మ్యాగజైన్ సంచికల స్కాన్లు, టైప్ చేసిన కవితలు, ఫెస్ట్ వీడియోలు అన్నీ ఆ పెట్టెలోకే పోయాయి. సెటప్ చేసేటప్పుడు స్క్రీన్ మీద ఆప్షన్లు వచ్చాయి. రెయిడ్ 1 నొక్కితే 2 టీబీ చూపించింది, రెయిడ్ 0 నొక్కితే 4 టీబీ. రెండు డిస్కులకి డబ్బులిచ్చి ఒకదాని చోటే వాడుకోవడం నాకు దండగ అనిపించింది. పక్కనున్న ఫ్రెండ్ కూడా "అరేయ్, ఫుల్ కెపాసిటీ పెట్టు" అన్నాడు. పెట్టేశా.

అసలు ఆ బటన్ ఏం చేస్తుంది?

స్ట్రైప్ అంటే చార. పులికి ఉండేలాంటిది. ఒక ఫైల్‌ని వరసగా ముక్కలు కోసి మొదటి ముక్క ఒక డిస్క్‌లో, రెండోది రెండో డిస్క్‌లో, మూడోది మళ్లీ మొదటి దాంట్లో, నాలుగోది మళ్లీ రెండో దాంట్లో, అట్లా చివరి దాకా పెట్టుకుంటూ పోవడమే స్ట్రైపింగ్. రెండు డిస్కుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అడ్డంగా ఒక్కో వరస ఒక్కో చారలా ఉంటుంది, పేరు అందుకే. ఒక్కో ముక్కని చంక్ అంటారు. మన పెట్టెలో చంక్ సైజు 64 కేబీ.

"శామీర్‌పేట చెరువు నిండింది" అన్న మాటని ఇద్దరికి పంచుదాం. ఒకరికి శా, ర్, ట, రు, నిం, ది. ఇంకొకరికి మీ, పే, చె, వు, డిం. ఇద్దరూ ఒకేసారి రాస్తారు కాబట్టి పని సగం టైమ్‌లో అయిపోతుంది. చదివేటప్పుడు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరు చెప్పమంటే మాట మళ్లీ వచ్చేస్తుంది. ఒకరు ఊరెళ్లిపోయారనుకోండి, రెండో వాళ్ల దగ్గర ఉన్న "మీపేచెవుడిం"తో ఏం చేసుకుంటాం? పాతిక శాతం కాదు, సగం కాదు, మాటే పోయింది.

నిజానికి డిస్క్‌కి అక్షరాలు కూడా తెలీవు. దానికి తెలిసింది బైట్లే. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. "మేడ్చల్" మనకి మూడక్షరాల్లా కనిపిస్తుంది గానీ లోపల మ, ఏత్వం, డ, పొల్లు, చ, ల, పొల్లు అని ఏడు గుర్తులు, 21 బైట్లు. ఇప్పుడు 64 కేబీ అంటే 65,536 బైట్లు. మూడుతో భాగించండి: 21,845 వచ్చి ఒకటి మిగులుతుంది. అంటే స్పేసులు, ఇంగ్లీష్ చుక్కలు లేకుండా అచ్చంగా తెలుగే నింపిన ఒక పెద్ద ఫైల్‌లో 21,846వ గుర్తు మొదటి బైటు ఒక డిస్క్ మీద, మిగతా రెండు బైట్లు ఇంకో డిస్క్ మీద పడతాయి. కత్తి సరిగ్గా అక్షరం మధ్యలోంచి దిగుతుంది. ఈ లెక్క వేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొంచెం ఎక్కువ చేస్తున్నా అనుకుంటారేమో, నిజంగానే పట్టలేదు.

స్ట్రైపింగ్ చెడ్డ ఐడియా అని నేను అనట్లేదు. అది పుట్టడానికి గట్టి కారణమే ఉంది. ప్రాసెసర్లు ఏటేటా పరిగెత్తుతున్నాయి, హార్డ్ డిస్క్ మాత్రం తిరిగే పళ్లెం, దాని మీద కదిలే చెయ్యి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికి 8 మిల్లీ సెకన్ల పైన పడుతుంది. ప్రాసెసర్‌కి అది ఒక యుగం. పళ్లేన్ని ఇంకా జోరుగా తిప్పడానికి హద్దుంది కాబట్టి పళ్లేల సంఖ్య పెంచి అందరితో ఒకేసారి పని చేయించాలన్న ఆలోచన వచ్చింది. 1986లో ప్రిన్స్‌టన్‌కి చెందిన కెనెత్ సేలమ్, హెక్టర్ గార్సియా-మోలినా సరిగ్గా "డిస్క్ స్ట్రైపింగ్" అన్న పేరుతోనే పేపర్ రాశారు. రెండేళ్లకి, 1988లో, బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌ల రెయిడ్ పేపర్ వచ్చింది. మన సిలబస్‌లో ఉన్నదంతా దాని పిల్లలే.

ఆ పేపర్ తీసి చదివితే నాకు తెలిసింది, అందులో రెయిడ్ 0 అసలు లేదు. ఒకటి నుంచి ఐదు దాకానే ఉన్నాయి. రెయిడ్‌లో మొదటి అక్షరం 'రిడండెంట్', అంటే ఒకటి పోతే ఆదుకోవడానికి అదనంగా ఒకటి ఉండడం. అదనం ఏమీ లేని దానికి తర్వాత జనం సున్నా నంబర్ తగిలించారు. ఆ పేపర్ మొదట్లోనే ఒక లెక్క కూడా ఉంది: ఒక్కో డిస్క్ సగటున 30,000 గంటలు బతుకుతుందనుకుంటే, అలాంటివి వంద కలిపి వాడితే వాటిలో ఏదో ఒకటి సగటున 300 గంటల్లో పోతుంది. అంటే రెండు వారాలు కూడా కాదు. డిస్కులు కలిపితే స్పీడ్ ఎట్లా పెరుగుతుందో, పోయే ఛాన్స్ కూడా అట్లాగే పెరుగుతుందని వాళ్లు ముందే చెప్పారు, అందుకే మిగతా పేపరంతా ఆ అదనం ఎట్లా పెట్టాలన్న దాని మీదే రాశారు. మనం ఆ అదనం వదిలేసి స్పీడ్ ఒక్కటే తీసుకున్నాం.

మన రెండు డిస్కులకి ఇదే లెక్క వేద్దాం. ఒక డిస్క్ ఏడాదిలో పోయే ఛాన్స్ 5 శాతం అనుకోండి (ఉదాహరణకే). రెయిడ్ 0లో రెండూ బతికుంటేనే డేటా ఉంటుంది. 0.95ని 0.95తో గుణిస్తే 0.9025. అంటే డేటా పోయే ఛాన్స్ దాదాపు 10 శాతం. రెయిడ్ 1లో డేటా పోవాలంటే రెండూ పోవాలి: 0.05 గుణకారం 0.05, అంటే 0.25 శాతం. అవే రెండు డిస్కులు, అవే డబ్బులు. తేడా దాదాపు నలభై రెట్లు. పోల్‌లో "కాపీ ఉంటది" అన్న రెండు మాటల వెనకాల ఉన్నది ఇదీ.

ఇక పోల్‌లోని "డబుల్ స్పీడ్" గురించి. ఇది చదివితే మీకు కోపం రావాలి, నాకైతే నా మీద నాకే వచ్చింది. ఆ పెట్టెలో ఉన్న ఒక్క మామూలు హార్డ్ డిస్కే సెకనుకి 150 ఎంబీ దాకా వరసగా చదవగలదు. ఆ పెట్టె నుంచి మన రూమ్ కంప్యూటర్‌కి దారి ఏది? టేబుల్ కింద దుమ్ము కొట్టుకుపోయిన ఆ పాత స్విచ్. అది 100 ఎంబీపీఎస్ స్విచ్. బిట్లని బైట్లలోకి మారిస్తే సెకనుకి 12.5 ఎంబీ, అదీ మంచి రోజున. ఒక్క డిస్క్ ఇచ్చేదాంట్లో పన్నెండో వంతు కూడా బయటికి రావట్లేదు. దానికి మేం రెండో డిస్క్ కలిపి స్పీడ్ డబుల్ చేశాం! మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర జామ్ అయి బండి కదలకపోతే ఇంట్లో ఇంకో బండి కొన్నట్టు. వైఫై మీద వాడేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. గిగాబిట్ స్విచ్ తెచ్చినా సెకనుకి 125 ఎంబీ దాటదు, అది కూడా ఒక్క డిస్క్‌కే సరిపోతుంది.

పైగా మన కవితల ఫైళ్లు ఒక్కోటి ఐదారు కేబీ. 64 కేబీ ముక్కలో అవి ఒక మూలకి సరిపోతాయి, మొత్తం ఒకే డిస్క్ మీద ఉంటాయి. వాటిని తెరవడంలో రెండో డిస్క్‌కి పనే లేదు. ఏడాది పొడుగునా మనం ఆ పెట్టెలో డబుల్ స్పీడ్‌ని ఒక్కసారి కూడా వాడుకోలేదు. డబుల్ రిస్క్‌ని మాత్రం ప్రతి రోజూ మోశాం.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం లంచ్ తర్వాత పెట్టెలోంచి టక్ టక్ అని సౌండ్ మొదలైంది. ఆఫ్ చేసి ఆన్ చేశాం (ఇది కూడా చేయకూడదట). ఎర్ర లైటు. "వాల్యూమ్ క్రాష్డ్." అంతకు మూడు వారాల ముందు నుంచే పెట్టె వార్నింగ్ మెయిళ్లు పంపిందని తర్వాత తెలిసింది. అవి పాసౌట్ అయిపోయిన ఒక అన్న కాలేజీ మెయిల్‌కి వెళ్లాయి. ఆ ఐడీ మార్చడం కూడా నా పనే.

బతికున్న రెండో డిస్క్ తీసి ఒక సీనియర్ సాయంతో రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాం. రెండు రాత్రులు పట్టింది. ఏం వచ్చాయో వినండి, ఎందుకంటే స్ట్రైపింగ్ నాకు పుస్తకంలో కంటే ఇక్కడే బాగా అర్థమైంది. ఫైళ్ల పేర్లు చాలావరకు పోయాయి. చిన్న టెక్స్ట్ ఫైళ్లలో ఆ డిస్క్ వైపు పడినవి చెక్కుచెదరకుండా వచ్చాయి: 18 కవితల్లో 8. ఏ ఎనిమిది అన్నది పూర్తిగా లాటరీ. బాగున్నవి మిగిలాయని కాదు, నా రెండు మిగిలాయి, అదే దానికి సాక్ష్యం. ఫోటోలు పైన ఒక పట్టీ మందం కనిపించి కింద అంతా బూడిద రంగు. వర్డ్ ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు, అవి లోపల జిప్ ఫైళ్లు కాబట్టి మధ్యలో ముక్క లేకపోతే మొత్తానికే మొరాయిస్తాయి. ఫోన్ రికార్డింగుల్లో ఎం4ఏ రకం చాలావరకు పలకలేదు. ఎంపీత్రీగా మార్చి పెట్టినవి మాత్రం పలికాయి.

ఆ పలికినవే అన్నిటికంటే బాధ. తాత రికార్డింగ్ 128 కేబీపీఎస్ ఎంపీత్రీ. అంటే సెకనుకి 16,000 బైట్లు. 64 కేబీ ముక్కకి సరిగ్గా నాలుగు సెకన్ల చిల్లర. 41 నిమిషాల మాటకి 600 ముక్కలు, అందులో 300 చచ్చిన డిస్క్‌తో పోయాయి. మిగిలిన 300 ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఇరవై నిమిషాల ఫైల్ అయ్యాయి. ప్లే చేస్తే తాత నాలుగు సెకన్లు మాట్లాడతాడు, వెంటనే ఇంకో మాటలోకి దూకుతాడు. "అప్పట్ల ఈ రోడ్డు పొంటి అంత పందిళ్లే, కింద నడుస్తుంటే..." అని మొదలుపెట్టి వెంటనే "...లారీలు పొద్దుగాల్నే వస్తుండె, గంపలు..." అంటాడు. మధ్యలో పందిళ్ల కింద నడుస్తుంటే ఏమయ్యేదో లేదు. గ్యాప్ కూడా లేదు, సైలెన్స్ కూడా లేదు. తెలియనివాళ్లు వింటే ముసలాయనకి మతి స్థిమితం లేదేమో అనుకుంటారు. తాత మాత్రం ఆ రోజు ఒక్క మాట కూడా తడబడకుండా చెప్పాడు.

ఆయన ఇప్పుడు లేడు. జూన్‌లో పోయాడు. వాళ్ల మనవడు ఫోన్ చేసి రికార్డింగ్ పంపమన్నాడు. ఏం పంపాలి? ఆ ఇరవై నిమిషాల ఫైలే పంపి, ఎందుకు అట్లా ఉందో పెద్ద మెసేజ్ రాశా. బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు.

మన లిటరరీ క్లబ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో పోలిక చెప్తే బాగా ఎక్కుతుందేమో. అన్నమయ్య కీర్తనలు తిరుమల గుడిలో రాగి రేకుల మీద చెక్కించి పెట్టారని మనకి తెలుసు. 32 వేలు రాశాడని సంప్రదాయం చెప్తుంది, దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. పోయింది చాలానే. కానీ ఒక్కో రేకు మీద కీర్తనలు పూర్తిగా ఉన్నాయి. దొరికిన రేకు మీదున్న కీర్తన పల్లవి నుంచి చివరి చరణం దాకా మనకి అందింది. అదే ఆ చెక్కినవాళ్లు స్పీడ్ కోసమని ప్రతి కీర్తననీ రెండు రేకులకి నాలుగేసి అక్షరాల చొప్పున పంచి ఉంటే? సగం రేకులు పోయిన చోట ఈ రోజు పాడుకోవడానికి దాదాపు ఒక్క కీర్తన కూడా మిగిలేది కాదు. వేర్వేరు చోట్ల పంచి పెట్టడం వేరు, ముక్కలు కోసి పంచడం వేరు. కంప్యూటర్లలో కూడా ఈ మొదటి పద్ధతి ఉంది: డిస్కుల్ని ఒకదాని తర్వాత ఒకటి నింపుకుంటూ పోవడం. దాంట్లో కూడా కాపీ ఉండదు, సేఫ్ అని నేను అనను, కానీ ఒక డిస్క్ పోతే రెండో దాంట్లో పూర్తి ఫైళ్లు మిగిలే ఆశ ఉంటుంది. స్ట్రైపింగ్ ఆ ఆశని కూడా తీసేస్తుంది.

గ్రూపులో వచ్చిన వాదనలకి ఇప్పుడు జవాబు చెప్పాలి. "2 టీబీ చాలదు, ఫెస్ట్ వీడియోలే బోలెడు" అన్నది మొదటిది, ఎక్కువ లైకులు దానికే. పోయిన పెట్టెలో ఏది ఎంత ఉందో నా దగ్గర లిస్ట్ ఉంది. మొత్తం 1.3 టీబీలో రికార్డింగులు, కవితలు, పాత సంచికల స్కాన్లు అన్నీ కలిపి 38 జీబీ. మిగతాదంతా ఫెస్ట్ వీడియోలు, అందులోనూ మూడు కెమెరాల్లో ఒకే డాన్స్. మళ్లీ దొరకని సరుకంతా ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. ఆ 38 జీబీని రిస్క్‌లో పెట్టింది ఆ డాన్సులకి చోటు కోసం. డాన్స్ మీద నాకు కోపం లేదు, నేనూ చేశా. ఎడిట్ చేసిన వీడియో ఎట్లాగూ యూట్యూబ్‌లో ఉంటుంది, దాని పచ్చి ఫుటేజ్ పోతే ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు.

"రెయిడ్ 5 పెడదాం, స్పీడూ సేఫ్టీ రెండూ" అని ఈసీఈ బ్యాచ్ వాళ్లు అన్నారు. మంచి మాటే. అది స్ట్రైపింగే, కాకపోతే ప్రతి చారలో ఒక ముక్క మిగతా వాటి ఎక్స్‌ఆర్ ఉంటుంది. ఒక ముక్క 1011, ఇంకోటి 0110 అయితే మూడో ముక్క 1101. మొదటిది పోతే మిగతా రెండింటినీ మళ్లీ ఎక్స్‌ఆర్ చేస్తే 1011 తిరిగొస్తుంది. చేసి చూడండి, ఎన్నిసార్లు చేసినా ముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి కనీసం మూడు డిస్కులు కావాలి, మన పెట్టెకి రెండే అరలు.

"అన్నీ క్లౌడ్‌లో పడేస్తే పోలా?" పోదు గానీ, క్లౌడ్ వాళ్లేం చేస్తున్నారో కూడా చూడండి. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచినప్పుడు ఒక్క బిల్డింగ్‌తో తెరవలేదు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచే మూడు జోన్లతో తెరిచింది. పెద్దవాళ్లు కూడా డేటాని ముక్కలు చేస్తారు, కానీ కొన్ని పోయినా మళ్లీ కట్టుకునేలా అదనపు ముక్కలు పెట్టుకుంటారు. అన్ని కోట్ల మెషీన్లున్న వాళ్లే సున్నా మీద నమ్మకం పెట్టుకోరు. మనకి ఫ్రీగా వచ్చేది 15 జీబీ. కాలేజీ మెయిల్ స్టోరేజ్ మన పాసౌట్‌తో పాటే పోయే రకం.

"రెయిడ్ 1 కూడా బ్యాకప్ కాదు కదా" అని ఒక అన్న అన్నాడు. కరెక్ట్, ఆ మాటకి నా దగ్గర ఎదురు లేదు. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ శ్రద్ధగా డిలీట్ అవుతుంది. వైరస్ వచ్చినా అంతే. రెయిడ్ 1 ఆపేది డిస్క్ చావునే. అందుకే నేను అడిగేది రెయిడ్ 1 ఒక్కటే కాదు, దాంతో పాటు వేరే చోట ఇంకో కాపీ. మన తెలుగు పుస్తకాల విషయంలో జరిగింది కూడా ఇదే. రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ నుంచి మొదలుపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్ట్‌లో మన దేశం వైపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచింది, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ అందులో ఒక పెద్ద స్కానింగ్ కేంద్రం. తర్వాత ఆ లైబ్రరీ సైట్ తెరుచుకోవడం ఆగిపోయింది. అయినా మనం ఈ రోజు ఆ స్కాన్లు చదవగలుగుతున్నాం, ఎందుకంటే లక్షల పుస్తకాల కాపీలు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. మన క్లబ్‌లో సగం మంది ప్రాజెక్టులకి వాడే పాత పుస్తకాల పీడీఎఫ్‌లు అక్కడివే. లింక్‌లో "డీఎల్ఐ 2015" అని కనిపిస్తే అది ఆ కాపీయే.

స్ట్రైపింగ్ వాడాల్సిన చోటు కూడా చెప్తా, లేకపోతే నేను దానికి పగవాణ్ణని మా ఓఎస్ మేడమ్ అనుకుంటారు. వీడియో ఎడిటింగ్ చేసే మెషీన్‌లో తాత్కాలికంగా పెట్టుకునే ఫైళ్లకి అది బ్రహ్మాండం. సూపర్ కంప్యూటర్లలో లస్టర్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఒకే పెద్ద ఫైల్‌ని ఎన్నో సర్వర్ల మీద చారలుగా పరిచి, వేల ప్రాసెస్‌లు ఒకేసారి చదివేలా చేస్తాయి. అక్కడ కింద ఉన్న డిస్క్ గుంపులకి వేరే రక్షణ ఉంటుంది. ఫెస్ట్ టైమ్‌లో మీడియా టీమ్ కంప్యూటర్‌లో రెండు పాత ఎస్ఎస్‌డీలు స్ట్రైప్ చేస్తానంటే నేనే వచ్చి స్క్రూలు బిగిస్తా. పోతే మళ్లీ కాపీ చేసుకునే సరుకు అది.

అసలు నా కంప్లైంట్ మన చదువు మీద కూడా ఉంది. మూడు సెమిస్టర్లుగా బాక్సులు గీసి ఏ1, ఏ2, ఏ3 అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. ల్యాబ్‌లో రెండు పాత డిస్కులు స్ట్రైప్ చేసి, మనకిష్టమైన పాట ఒకటి పెట్టి, అది పాడుతుండగా ఒకదాని వైరు పీకమంటే పది నిమిషాల పని. డిస్కులు కూడా అక్కర్లేదు, లైనక్స్‌లో రెండు ఖాళీ ఫైళ్లని డిస్కుల్లా నటింపజేయొచ్చు. నేను సెలవుల్లో ఇంట్లో అట్లాగే చేశా. కావాలన్నవాళ్లకి శుక్రవారం క్లబ్ రూమ్‌లో చూపిస్తా, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి.

ఇక నేను అడిగేది. కొత్త డిస్కులు రెండింటినీ రెయిడ్ 1లో పెడదాం. 38 జీబీ సరుకుకి, ఇకపై చేర్చేవాటికి, ఇంకో కాపీ బయట డిస్క్‌లో పెట్టి నెలనెలా మార్చి అది క్లబ్ రూమ్‌లో కాకుండా ఎవరో ఒక డేస్కాలర్ ఇంట్లో ఉంచుదాం. మా ఇల్లు గుండ్లపోచంపల్లిలో, నేను ఒప్పుకుంటున్నా. వార్నింగ్ మెయిల్ ఇద్దరికి వెళ్లాలి, అందులో ఒకరు సెకండియర్ అయ్యుండాలి. రికార్డింగులు పెద్దవాళ్ల ఇంట్లోవాళ్లకి అదే రోజు పంపించాలి. ఈ ఒక్కటి పోయినేడు చేసి ఉంటే తాత మాట పూర్తిగా వాళ్ల మనవడి ఫోన్‌లో ఉండేది, ఏ రెయిడ్ అక్కర్లేకుండా. పోల్ ఆదివారం రాత్రి దాకా తెరిచే ఉంది, ఓటు మార్చుకోవచ్చు.

పోయిన నెల శామీర్‌పేట అవ్వ దగ్గరికి వెళ్లొచ్చా. సంగతి చెప్పి, ఆ రోజు పాడిన పాట మళ్లీ పాడమని అడిగా.

"ఏ పాట బిడ్డా? ఆనాడు ఏం పాడిన్నో నాకేం యాదికుంటది. నాటేస్తుంటే నోటికొస్తది గని, ఊకె కూసుండి పాడుమంటే యాడికెళ్లొస్తది?"

"ఎప్పుడేస్తరవ్వా నాట్లు?"

"మా బిడ్డోళ్ల పొలం ఉన్నది గదా, ఈ ఐతారం కాక మల్ల ఐతారం. రాండ్రి. వస్తె మాత్రం ఊకె ఫోన్లు వట్టుకొని ఒడ్డు మీద నిలవడితె పాడ."

కాబట్టి ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకి కాలేజీ గేట్ దగ్గర కలుద్దాం, మేడ్చల్ నుంచి శామీర్‌పేట రోడ్డు మీదుగా ఆటోల్లో వెళ్దాం. బురదలో దిగడానికి నలుగురు, ఒడ్డు మీద ఫోన్లు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. రికార్డింగ్ రెండు ఫోన్లలోనూ మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా నడవాలి. పేర్లు నాకు పంపండి.